పొద్దున్నే పొగలు చూసే జర్మనీ యర్రయ్య

యర్రయ్యకు ఒకటే జబ్బు. పొద్దున్న ఎవరి పొయ్యి పొగ రాకపోతే వాళ్ళ తలుపు బాదేస్తాడు.

రంగూన్‌లో, అహ్లోన్ బియ్యం మిల్లుల పక్కనున్న కూలీల వరసిళ్ళలో ఈ జబ్బుకు మందు లేదు. వెనకటి పెద్ద యుద్ధంలో అతను పనిచేసే ఓడను జర్మనీవాళ్ళు పట్టుకుని, కళాసీలను పల్లెల్లో పనికి పెట్టారట. యర్రయ్య వాటాకు కొండల కింద, అడవి అంచున, వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని ఇళ్ళున్న ఊరొకటి వచ్చింది. దాని పేరు పలకడానికి అతనికి ఇప్పటికీ నోరు తిరగదు. అయినా "మా ఊరు" అన్నాడంటే శ్రీకాకుళం వైపు పుట్టిన ఊరు కాదు, అదే!

"మా ఊళ్లో మనుసులు తక్కువ, సెట్లెక్కువ. ఒకింట్లో పొగ రాపోతే ఊరంతా ఆ గుమ్మంలోనే!"

"ఇది రంగూన్ మావా! ఇక్కడ మనుసుల మీద మనుసులు," అనేది పక్కింటి సూర్యావతి.

"అందుకే ఎవుడూ ఎవుణ్ణీ సూడడు."

ఆమెకు ఒళ్ళు మండేది. ఉపవాసమున్నా, చద్దన్నం తిన్నా ఈ మనిషికి సంజాయిషీ చెప్పుకోవాలి. చివరికి వరసంతా తెలివి మీరింది. పొయ్యిలో గుప్పెడు తడి ఊక పడేసి, పొగ చూపించి, మళ్ళీ ముసుగుతన్ని పడుకునేవారు. యర్రయ్య మాత్రం "అందరూ కులాసా!" అని మురిసిపోతూ పనికి పోయేవాడు.

సూర్యావతి మొగుడు అచ్చెన్న బియ్యం పడవ మీద ఎగువకు వెళ్ళినప్పుడు, ఇంకా నెలలు నిండకుండానే ఆమెకు తెల్లారగట్ల నొప్పులొచ్చాయి. లేవలేకపోయింది. అరిస్తే ఆ అరుపు మిల్లు రొదలో కలిసిపోయింది. తనూ, కడుపులో బిడ్డా ఇలాగే పోతామేమో అనుకుంది. ఇక ఊక వేసేదెవరు?

దబదబా తలుపు!

"ఓలమ్మీ! పొగ లెగనేదేటి?"

ఆ గొంతు అంత తియ్యగా ఆమెకు ఎప్పుడూ వినిపించలేదు. "మావా, నొప్పులు!" అంది. తలుపు ఊడొచ్చింది. యర్రయ్య ఒంటి చెప్పుతో పరిగెత్తి, బర్మా మంత్రసాని మ్యా మ్యాను మోసుకొచ్చినంత పని చేశాడు. పొద్దెక్కేసరికి ఆడపిల్ల కేరుమంది.

"నీ రునం ఎలాగ తీర్సుకోను మావా?"

"నాకేటి రునం? ఆ ఊళ్లో నాను జొరంతో పడుంటే, పొగ రానేదని ఓ ముసలమ్మ చారట్టుకొచ్చి తాగించినాది. శత్రువునని సూడనేదు. ఆయమ్మ రునమే ఇంకా తీరనేదు!"

మర్నాడు యర్రయ్య పొయ్యి పొగ రాలేదు. తడిక సందులోంచి అది చూసిన సూర్యావతి, బాలింత మంచం మీంచే అందర్నీ అతనింటికి తరిమింది. వరసంతా వెళ్ళి అతని తలుపు బాదేసింది.

యర్రయ్య కళ్ళు నులుముకుంటూ వచ్చాడు. "ఏటర్రా! నిన్నటి పరుగుకి ఒళ్లు హూనమైపోనాది. పడుకోనీరా?"

"పొగ రానేదు మావా!" అన్నారంతా.

యర్రయ్య అందరి చేతులవంకా చూసి, "మా ఊళ్లో ఉత్తసేతుల్తో వొచ్చీవోళ్లు కాదు. చారేదీ?" అన్నాడు.

తడిక అవతల సూర్యావతి పకపకా నవ్వింది. బాలింతకని కాచిన మిరియాల చారు పొయ్యి మీద ఉంది. అందులో సగం అటు పంపించింది.