చీర కట్టిన గోడ

కొళాయికి నీళ్లు రాగానే తలకు పోసుకుని, దేవుడి పటం ముందున్న బాడుగ పత్రానికి పసుపూ కుంకుమా పెట్టడం సుబ్బులమ్మకు ప్రతి ఉదయం అలవాటు. తిరుపతి అంచున ఒక ధర్మ ట్రస్టు పేదలకు తక్కువ బాడుగకు ఇచ్చే ఇళ్లలో ఆమెకొకటి దొరికింది. పూతలపట్టు నుంచి వచ్చి, పూలు కట్టి బతుకుతున్న ఆమెకు తన చేత్తో గొళ్లెం పెట్టుకునే ఇల్లు అదే మొదటిది. అందుకే ఆ కాగితానికి మూడేళ్లుగా దండం పెట్టిందే గానీ ఒక్కనాడూ మడత విప్పలేదు. చదువు రాక కాదు. స్వామి ఇచ్చినదాన్ని తిరగేసి చూడకూడదని ఆమె నమ్మకం.

ఆ వానాకాలం మేడమీది పైపు కారి వంటగది గోడ ఉబ్బింది. చెబితే ఇల్లు పాడుచేశావని ఖాళీ చేయిస్తారేమోనని భయపడి, గోడకు అడ్డంగా పాత చీర కట్టింది.

ట్రస్టు గుమస్తా ముకుందం ఏడాదికోసారి ఇళ్లు చూసిపోతాడు. ఆ ఏడూ వచ్చాడు.

"ఏం సుబ్బులమ్మా, గోడకు చీర కట్టినావే?"

"సలికాలం గదా సామీ."

"రైక గూడా కుట్టించాల్సింది."

నవ్వుతూనే చీర తొలగించాడు. నాచు పట్టిన గోడ కనిపించింది. సుబ్బులమ్మ చేతులు జోడించింది.

"ఖాళీ చేయమనద్దు సామీ. నేనేమీ చెయ్యలా. పైన్నించి కారతా ఉండాది, నాలుగు నెలల్నించి."

"నీ పత్రం యాడుండాది? తీసుకురా."

పసుపు మరకల నడుమ ఏడో షరతు మీద వేలు పెట్టి, ఆమె చేతనే చదివించాడు. 'చెమ్మ గాని, కారుట గాని కనబడిన వెంటనే కాపురమున్నవారు తెలియజేయవలెను. మరమ్మతు ట్రస్టువారు చేయించవలెను.'

'తెలియజేయవలెను' దగ్గర ఆగి, ఆమె మళ్లీ చదివింది.

"అంటే, చెప్పడం తప్పు గాదా సామీ?"

"చెప్పకపోవడమే తప్పమ్మా. చెప్పే పని నీది, బాగుచేసే పని మాది. ఇందుకని నిన్నెవరూ పొమ్మనరు."

మూడో రోజుకు మేస్త్రీ వచ్చాడు. గోడ ఆరేదాకా పక్కింటి నాగవేణే ఆమెకూ వండింది. "ముందే సదివుంటే నాకీ వంట తప్పేది గదక్కా" అని దెప్పుతూనే రెండో సంగటి ముద్ద వేసేది. ఇంతమంది చేతులమీదుగా స్వామి తనను కాస్తున్నాడని సుబ్బులమ్మ కళ్లొత్తుకునేది.

పని చూడడానికి ముకుందం మళ్లీ వచ్చినప్పుడు, రెండు మూరల చామంతులు అతని చేతిలో పెట్టింది.

"ఇంట్లో అమ్మకు ఇయ్యండి. ఇంకొకటి అడుగుతా, కాదనద్దు. ఈ వరసలో ఇంకో మూడిండ్లు గూడా ఇట్లే కారతా ఉండాయి, ఎవరివో అడగద్దు. నేను సెప్తే నమ్మరు. శనివారం అందరినీ కూర్చోబెడతా, మీరొచ్చి ఆ ఏడో షరతు గట్టిగా సదివి పెట్టండి సామీ."