రెండో తుమ్ము

నవ్వుకోవడానికే చెబుతున్నాను కాబట్టి మొహమాటపడకండి. నేను చేసిన తెలివితక్కువ పనులు వరసగా చెప్పుకుంటూ పోతే ఈ పుస్తకం చాలదు గానీ, నా ముక్కునీ మా నాన్ననీ ఒకే పూట ముంచిన పని మాత్రం ఇదొక్కటే. ముక్కు సంగతి ముందు చెబుతాను. అది చెప్పడం తేలిక.

ఎనభైల్లో మాట. చిలకలూరిపేటలో ఒక స్పిన్నింగు మిల్లులో గుమాస్తాగా పనిచేసేవాణ్ణి. పగలంతా దూది లెక్కలు, సాయంత్రమైతే నాటకాల రిహార్సళ్లు. పరిషత్తు పోటీల్లో హీరో వేషం వేసి కప్పు కొట్టాలని నా కోరిక. మా దర్శకుడేమో ప్రతిసారీ వడ్డీ వ్యాపారి వేషమే నా మొహాన కొట్టేవాడు. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

"పక్కకి తిరిగి నిలబడు" అన్నాడు.

నిలబడ్డాను. వెనక తెర మీద నా నీడ పడింది. నుదురు, దాని కింద ముక్కు, ముక్కు మధ్యలో పిల్ల ముక్కు ఇంకోటి.

"ఆ నీడ వచ్చి ప్రేమిస్తున్నానంటే ఏ అమ్మాయి నమ్ముద్ది ప్రసాదూ?" అన్నాడు, పాపం జాలిగానే.

ఆ బుడిపె మా నాన్న దగ్గర్నుంచి వచ్చింది. ఆయన ముక్కుదూలం మీదా అచ్చం అలాంటిదే ఉండేది. కళ్లజోడు జారకుండా దాని మీద ఆనించుకునేవాడు. నాకు మాత్రం ఆ రోజు నుంచి అద్దంలో నా ముఖం కనపడ్డం మానేసి బుడిపె ఒక్కటే కనపడసాగింది. అలాంటి సమయంలో ఒక వారపత్రికలో, మద్రాసులో ముక్కులు చెక్కి నున్నగా చేస్తున్నారని చదివాను.

ఊరెళ్లి నాన్నకి చెప్పాను. ఆయన మిరప చేలో కలుపు చూస్తున్నాడు.

"ఊపిరాడుతుందా?" అన్నాడు.

"ఆడుతుంది."

"వాసన తెలుస్తుందా?"

"తెలుస్తుంది."

"మరింకేం కావాలిరా దాంతో?"

నీడ గురించి ఆయనకి ఎలా చెప్పను? వంగి నేనూ రెండు కలుపు మొక్కలు పీకాను. ఆయనే, "సర్లే, నీ ముక్కు నీ ఇష్టం" అన్నాడు. అడిగినదేదీ కాదనలేని మనిషి. అమ్మ నా చిన్నప్పుడే పోయింది, నాయనమ్మే నన్ను పెంచింది. బహుశా అందుకే ఆయనకి నా మీద అంత మెతకదనం.

మద్రాసు బయల్దేరిన రోజు నేను గడప దాటుతుండగా నాయనమ్మ తుమ్మింది. ఒక్కటే. నాన్న నా చేతిలో పెట్టె తీసుకుని కింద పెట్టాడు. మా ఇంట్లో అది చట్టం. ఒంటి తుమ్ము వినపడితే బయల్దేరినవాడు ఆగి కూర్చోవాలి, మంచినీళ్లు తాగాలి. రెండో తుమ్ము పడితే దోషం పోయినట్టు, అప్పుడు వెళ్లొచ్చు. నాయనమ్మకి రెండోది వచ్చేసరికి హైవే మీద నా బస్సు పోయింది. ఈ చట్టాన్ని మీరూ కాస్త గుర్తుపెట్టుకోండి.

ఆపరేషను బాగానే జరిగింది. ముక్కు మీద పట్టీ వేసి డాక్టరు జాగ్రత్తలు చెప్పాడు.

"మూడు వారాలు తుమ్మకూడదు. ఆపుకోలేకపోతే నోరు బాగా తెరిచి వదిలేయాలి. ముక్కుని మాత్రం చేత్తో నొక్కొద్దు. ఎముక ఇంకా అతుక్కోలేదు. మీ ఇంటి దగ్గర దుమ్ము, ఘాటు లాంటివి ఏమైనా ఉన్నాయా?"

"ఏమీ లేవండి" అన్నాను.

మీ మీద ఒట్టు, అది అబద్ధం కాదు. మిరప కళ్లాల మధ్య పుట్టి పెరిగినవాణ్ణి. బయట ఊళ్ల నుంచి వచ్చిన కొత్త అల్లుళ్లు మా వీధిలో కళ్లు తుడుచుకుంటుంటే, వీళ్లకేమైంది అనుకునేవాళ్లం. మాకది ఘాటు కాదు, గాలి. ఆ గాలికి అలవాటుపడింది నా పాత ముక్కేనని, నేను తీసుకెళ్తున్నది పచ్చి పుండులాంటి కొత్త ముక్కని నాకు తట్టనే లేదు. పైగా అది కాయ దిగుబడి కాలం. ఊరు ఊరంతా ఎర్రగా ఎండుతోంది.

బస్సు దిగగానే విషయం అర్థమైంది. తడిగుడ్డ ముఖానికి చుట్టుకుని, ఇంటికి పరిగెత్తి, గదిలో దూరి తలుపేసుకున్నాను. నాయనమ్మ తలుపు సందులోంచి అన్నం లోపలికి తోసేది.

"ముక్కు కోయించుకున్నోణ్ణి చూశాంగానీ, ముక్కుకి కాపలా కాసేవోణ్ణి ఇప్పుడే చూస్తన్నా" అనేది.

అలా రెండు రోజులు గడిచాయి. మూడో రోజు మా వాకిట్లోనే టిక్కీలు కట్టారు. అంటే గోనె సంచుల్లో మిరపకాయలు పోసి, మనుషులు లోపల నిలబడి తొక్కి, మూతి కుట్టెయ్యడం. గుంటూరు తీసుకెళ్లడానికి లారీ వచ్చింది. డ్రైవరు మస్తాను మాకు బాగా తెలిసినవాడే. నేను గదిలో ముఖానికి రెండు తడిగుడ్డలు కట్టుకుని కూర్చున్నాను.

ఉన్నట్టుండి వాకిట్లో మాటలు ఆగిపోయాయి. తర్వాత మస్తాను గొంతు వినపడింది. "ప్రసాదూ, బయటికి రా. మీ నాయనకి గుండెల్లో నొప్పంట."

గుడ్డలు విసిరేసి పరిగెత్తాను. నాన్న ముఖం బూడిద రంగులో ఉంది. చొక్కా చెమటకి తడిసిపోయింది. "లారీలోనే గుంటూరు పెద్దాసుపత్రికి పోదాం" అంటూ మస్తాను ఆయన్ని రెక్క పట్టుకుని నడిపించాడు. నాన్న లారీ మెట్టు మీద కాలు పెట్టాడు.

నేను తుమ్మాను. ఒక్కటే.

నాన్న కాలు కిందికి దించేశాడు. ఎవరూ ఆపలేదు, ఆయనే దించాడు. వెళ్లి ఒక టిక్కీ మీద కూర్చున్నాడు.

"బాబాయ్, తుమ్ములు చూసే టైమా ఇది?" అన్నాడు మస్తాను.

"నువ్వూరుకో" అంది నాయనమ్మ. "ఇట్టాంటి పనికి పోయేటప్పుడే చూడాల. ఒరేయ్, ఇంకోటి తుమ్ము."

ఇక్కడే నా ఘనత అంతా ఉంది, వినండి. రెండో తుమ్ము రాకపోవడం కాదు. వచ్చేసింది. ముక్కు కొసకి వచ్చి నిలబడింది. వదిలితే చాలు. నాకేమో తెర మీద నీడ గుర్తొచ్చింది. నున్నగా, పిల్ల ముక్కు లేకుండా. డాక్టరు నొక్కొద్దన్న చోటే రెండు చేతులతో గట్టిగా నొక్కిపట్టి, తుమ్ముని మింగేశాను.

"వచ్చిందా?" అంది నాయనమ్మ.

"పోయింది" అన్నాను.

నాన్న నా వంక చూశాడు. కోపంగా కాదు. "ఇంకొక్కటేరా ప్రసాదూ" అన్నాడు.

ఆ మాటతో నా ముక్కు, నా వేషం, పరిషత్తు, అన్నీ ఎగిరిపోయాయి. తుమ్ముదామనుకున్నాను. ఇప్పుడు రాదే. ఆకాశం వంక చూశాను, సూర్యుడి వంక చూశాను. మస్తాను నా మెడ పట్టుకుని మూతి కుట్టని సంచిలో నా తల దూర్చాడు. కళ్లు మండాయి, గొంతు మండింది, తుమ్ము మాత్రం రాలేదు. వాకిలి వాకిలంతా నా ముక్కు వంక చూస్తూ నిలబడింది. నాన్న చెయ్యి గుండె మీద నుంచి కదల్లేదు. ఎంతసేపో నాకు తెలియదు. తెలుసుకోవాలని లేదు.

వచ్చినప్పుడు మాత్రం ఆగకుండా వచ్చాయి. తుమ్ము మీద తుమ్ము. పట్టీ ఊడి ఎగిరిపోయింది. ముక్కులోంచి రక్తం ధారగా కారింది. "చాల్లే, ఎక్కండి" అని మస్తాను మా ఇద్దర్నీ లారీలో కుక్కాడు.

ఆసుపత్రి దగ్గర నాన్న తన కాళ్ల మీద తనే దిగాడు. నా చొక్కా మాత్రం రక్తంతో అట్ట కట్టింది. అందరూ స్ట్రెచరు తీసుకుని నా దగ్గరికే పరిగెత్తుకొచ్చారు. వాళ్ల తప్పేం లేదు, ఎవరైనా రక్తాన్నే చూస్తారు. "నాక్కాదండీ" అందామంటే నోటి నిండా రక్తం. "పెద్దాయనకండీ" అని మస్తాను అరుస్తూనే ఉన్నాడు. బల్ల మీద కూర్చున్న నాన్నేమో, "ముందు పిల్లోణ్ణి చూడండి, నాకు పర్లేదు" అన్నాడు.

మర్నాడు పొద్దున ఆయన మంచం పక్కన కూర్చున్నాను. నా ముఖం వాచి గుమ్మడికాయలా ఉంది. నాన్న చాలాసేపు చూసి, చిన్నగా నవ్వాడు.

"మొత్తం ఎన్ని తుమ్మావురా? సరా, బేసా?"

"సరే నాన్నా" అన్నాను. నేను లెక్కపెట్టనే లేదు.

"అయితే ఇంకేం" అని కళ్లు మూసుకున్నాడు. సాయంత్రానికి పోయాడు. ఇంకాస్త ముందు తెచ్చి ఉంటే బతికేవాడా అని డాక్టర్ని నేను అడగలేదు. ఇప్పటికీ ఆ ధైర్యం రాలేదు. నాయనమ్మ మాత్రం తను పోయేదాకా బేసే అంది. ఆవిడ లెక్కపెట్టిందట.

ముక్కు దానంతటదే అతుక్కుంది, చెక్కేసిన బుడిపె చోట రెండు బుడిపెలు మొలిపించుకుని. ఆ తర్వాత చాలా ఏళ్లు వడ్డీ వ్యాపారి వేషాలే వేశాను. మంచి పేరొచ్చింది.

అందుకని పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ ముక్కు జోలికి ఏ డాక్టర్నీ రానివ్వను. మా ఇంట్లోంచి ఎవరు బయల్దేరుతున్నా ఒంటి తుమ్ము తుమ్మను. నాకీ శకునాల మీద నమ్మకం లేదు, ఎవరినైనా అడగండి. అయినా జేబులో ఎప్పుడూ ఒక ఎండు మిరపకాయ పెట్టుకునే తిరుగుతాను. మొదటిది పొరపాటున వచ్చినా, రెండోదానికి ఎవర్నీ కూర్చోబెట్టకుండా.