చావని గుర్రాన్ని బతికించాను

చావని గుర్రాన్ని బతికించిన పశువైద్యుడు ఈ దేశంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను. ఆ ఘనకార్యం ఎలా వెలగబెట్టానో చెబుతాను. మీరు నవ్వుకోండి, నాకేమీ అభ్యంతరం లేదు.

పందొమ్మిది వందల యాభైల చివర్లో పెనుకొండ పశువుల ఆసుపత్రిలో కొత్తగా చేరాను. కూరగాయల బజారుకు కూడా మెడలో స్టెతస్కోపుతోనే వెళ్లేవాణ్ణి. అలాంటి రోజుల్లో జట్కా ఖాదర్ తన కుర్ర మగగుర్రాన్ని తోలుకొచ్చాడు. ఆడగుర్రం కనబడితే చాలు, అది వెనకాల జట్కా ఉందని, అందులో మనుషులున్నారని మరిచిపోయి పరుగు తీస్తోందట. విత్తులు తీయించాలి.

"సార్, ముసిలి గుర్రం పోయినంక నాకు ఇదొక్కటే ఉండాది. దీనికేమన్నా అయితే పిల్లోళ్లు పస్తుండల్ల."

"నేనుండగా ఏమవుతుంది ఖాదర్?" అన్నాను. చూశారా ధీమా!

క్లోరోఫారం పట్టించి, గడ్డి మీద పడుకోబెట్టి, పని ముగించి తాళ్లు విప్పాం. మత్తు దిగుతూ గుర్రం హాయిగా పడుకుంది. నేను ఊరుకోవచ్చు కదా! స్టెతస్కోపు పెట్టాను. లబ్ డబ్, లబ్ డబ్... ఆ తర్వాత ఏమీ లేదు.

క్లోరోఫారానికి గుండె ఆగిపోతుందని చదివిన చదువంతా ఒక్కసారిగా నెత్తికెక్కింది.

"గుండె నిలిచిపోయింది!" అని అరిచి, మోకాళ్లతో దాని పక్కటెముకల మీదికెక్కి అదమసాగాను.

"యా అల్లా! లెయ్యి రాజా, లెయ్యి నాయనా!" ఖాదర్ నేలమీద పడి ఏడ్చాడు.

రాజా లేచింది. నన్ను పేడకుప్పలో దించి మరీ లేచింది.

"సచ్చినదాన్ని లేపినావు సార్!" అంటూ ఖాదర్ పేడతో సహా నన్ను కౌగిలించుకున్నాడు.

హిందూపురంలో మా పెద్ద డాక్టరుగారికి ఈ సంగతి గొప్పగా చెప్పాను. ఆయన కళ్లజోడు తీశారు.

"ఏమబ్బా, నెమ్మదిగా ఉండే కుర్రగుర్రం గుండె ఉండుండి ఒక దెబ్బ కొట్టకుండా వదిలేస్తాది. దానికది మామూలే. ఇంకో దెబ్బ దాకా తాళలేకపోతివా?"

నిజం చెప్పేద్దామని తిరిగొచ్చి పెనుకొండ స్టేషన్లో దిగాను. ఖాదర్ ప్రయాణికులను పిలుస్తున్నాడు. "మా సారు పానం పోసిన గుర్రం ఇది, ఎక్కండప్పా!" నన్ను చూడగానే ముందు తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఆ ముఖంలో సంతోషం చూశాక నిజాన్ని నాలోనే దాచేసుకున్నాను.

ఇప్పుడక్కడ దిగితే అన్నీ ఆటోలే. నాకు ఆ గిట్టల చప్పుడు కావాలి, ఆ పచ్చిగడ్డి వాసన కావాలి, నన్ను దేవుణ్ణి చేసిన ఖాదర్ కావాలి. ఎంత బెంగపడినా ఎవరు తెచ్చిస్తారు?

కాబట్టి మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇంకో దెబ్బ వినకుండా ఏ గుర్రం మీదా మోకాలు మోపను. ఊళ్లో గుర్రాలే లేవు కనుక, నా ఒట్టు ఇంతవరకూ చెక్కుచెదరలేదు.