బల్ల మీద రెండు దెబ్బలు

డెబ్బైల చివర్లో దుబాయ్‌లోని ఒక ఓడల కంపెనీలో నాకు టైపిస్టు పని దొరికింది. మూడు నెలలు చూసి ఉంచుకుంటామన్నారు. లేకపోతే వీసా రద్దు, తిరుగు ప్రయాణం. అమ్మానాన్నలు పోయాక హైదరాబాదులో నన్ను రమ్మనేవాళ్ళు లేరు. దుబాయ్‌లోనే కరామా పేటలో అన్నావదినల దగ్గర ఉండేదాన్ని.

ముదీర్‌ది, అంటే మా మేనేజరుది, నార్వే. ఆయన తన భాషలో రాసిచ్చే ఉత్తరాలను, అర్థం తెలియకుండానే, చూసి కొట్టాలి. రెండు మూడు మాటలు అతికించి ఒకే మాట చేసే భాష అది. మాట మధ్యలో ఉండగానే మిషన్ గంట కొట్టేది, పంక్తి అయిపోవచ్చిందని. మన పుస్తకాల్లో లాగే నేను అక్షరం ముగిసిన చోటల్లా మాట విరిచి, జంట హల్లులన్నీ కింది పంక్తికి దింపాను. అర్బైడ్స్‌టిల్లాటెల్సె అనే మాటను అర్బై దగ్గర ఆపాను. ఉత్తరం నిండా ఎర్ర పెన్సిల్ గీతలతో తిరిగొచ్చింది.

ఎదురు కుర్చీలో ఆ దేశపావిడే, పెద్ద సెక్రటరీ, ఉండేది. నెలాఖరుకు ఉద్యోగం మాని వెళ్ళిపోతోంది. ఆవిడ కాగితం తీసుకుని ఇంగ్లీషులో చెప్పింది:

"పని చేసుకోవడానికి అనుమతి అని దీనర్థం. పని ఒక మాట, అనుమతి ఒక మాట. అతుకు దగ్గరే విరవాలి."

"నాకు అతుకు కనబడదండీ."

"కనబడదు. విను."

మెల్లగా చదువుతూ వేలి కణుపుతో బల్ల మీద కొట్టింది. 'అర్' దగ్గర గట్టిగా, 'టిల్' దగ్గర కొంచెం తేలిగ్గా. రెండో దెబ్బకు ముందే అతుకు.

ఆ తర్వాత రోజూ భోజనాల వేళ ఆవిడ చదివేది, నేను కళ్ళు మూసుకుని వినేదాన్ని. రోజు మొత్తంలో నా కోసమే ఎవరైనా మాట్లాడిన అరగంట అది.

ఇంట్లో వదిన అనేది, "ఏం పిల్లా, ఇంటికొచ్చేసరికి మాటలన్ని ఒడిసిపోతయా? మాకు గూడ రెండు మిగిలియ్యరాదు?"

"అట్లేం లేదు వదినా," అనేదాన్ని. మిగతాది డైరీలో రాసుకునేదాన్ని.

ఆవిడ వెళ్ళిపోయింది. కుర్చీని గోడ వారకు జరిపారు. వారానికి ముదీర్ ఇచ్చిన ఉత్తరంలో నా పేరుంది, నా గడువు ముగిసే తేదీ ఉంది. ఇంకేమీ అర్థం కాలేదు. రెండో పేరా కొడుతుండగా, ఎన్నడూ వినని ఒక పొడుగు మాట మధ్యలో గంట కొట్టింది.

అందరూ భోజనానికి వెళ్ళేదాకా ఆగి, ఆ మాటను పైకి అన్నాను. నా నోట్లో అన్ని అక్షరాలూ ఒకే బరువుతో పడ్డాయి. కణుపుతో కొడుతూ మళ్ళీ మళ్ళీ అన్నాను. నాలుగోసారి రెండో దెబ్బ ఒక చోట నిలిచింది. దానికి ముందు విరిచాను.

ముదీర్ చదివి, ఒక్క గీతా గీయకుండా ఎర్ర పెన్సిల్ కింద పెట్టాడు.

"ఇందులో ఏముందో తెలుసా?"

"తెలియదు సార్."

"నిన్ను ఉంచుకుంటున్నామని. ఖలాస్."

సీటుకు తిరిగొచ్చి, చెబుదామని తలెత్తాను. ఎదురుగా ఖాళీ నేల.

మర్నాడు భోజనాల వేళ టిఫిన్ డబ్బా మూత తీయకుండానే ఆ మాటను మరోసారి అన్నాను, రెండు దెబ్బలు కొట్టి. సరిగ్గా పలికానో లేదో చెప్పేవాళ్ళు లేరు.