ఎడమవైపు తీగ

మా బావది చెవితో బతికే ఉద్యోగం. మోటార్ల కార్ఖానాలో చివరి బల్ల ఆయనది. తిరుగుతున్న మోటారుకి స్క్రూడ్రైవర్ మొన ఆనించి, పిడి ఎడమ చెవికి పెట్టుకుని వింటాడు. లోపల బేరింగ్ సాఫీగా ఉంటే కుడిచేత్తో సుద్దముక్క తీసుకుని టిక్కు పెడతాడు. గరగరమంటే అడ్డగీత. ఇరవై ఆరేళ్లుగా ఇదే పని, ఆయన టిక్కు పెట్టిన మోటారు వెనక్కి వచ్చిన పాపాన పోలేదు. అక్కడ అందరూ ఆయన్ని చెవిగారు అంటారు. ఆ ‘గారు’లో వెటకారం లేదు.

నేను దర్జీని. నాకు సూదీ దారమే లోకం. అయినా ఓ ఆదివారం పొద్దున్నే పిలిపించి, తన పాటల సెట్టు రెండు స్పీకర్ల ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టాడు.

"ఎడమవైపు మసగ్గా లేదూ?"

"మసక కంటికి కదా బావా ఉండేది."

"వేళాకోళం తర్వాత. ముందు విను."

విన్నాను. ఎడమా అంతే, కుడీ అంతే. ఆ మాటే చెప్పాను. నాకు వినడం రాదని తేల్చేశాడు. వినడమే ఉద్యోగంగా ఉన్నవాడితో ఏం వాదిస్తాం?

తప్పంతా ప్లేయర్ నుంచి ఆంప్లిఫయర్‌కి వెళ్లే రెండు తీగలదేనని ఆయన నిర్ణయం. కొట్లో కొన్నవి దండగ, సొంతంగా చేసుకోవాలన్నాడు. ఆ రోజు మొదలు నా ఆదివారాలన్నీ తీగలపాలయ్యాయి. ఆయన తీగ చీలుస్తాడు, పిన్ను లోపల టంకం పెడతాడు. నేను కొస కదలకుండా పట్టుకోవాలి. పైన తొడగడానికి నల్లగుడ్డ గొట్టంలా కుట్టుకురావాలి. లోపలి తీగల చుట్టూ సన్నని రాగి జాలీ ఉంటుంది. దాన్ని ఒక కొసనే అతికించాలట, రెండో కొస వదిలేయాలట, వదిలేసింది ఏ కొసో మరిచిపోకుండా బాణం గుర్తు వేయాలట. ఎందుకని అడిగితే చెప్పాడు. మళ్లీ అడిగితే మళ్లీ చెప్పాడు. నాకు తలా తోకా తెలియలేదు. మూడో జత పూర్తయ్యాక, రెండు కొసలూ అతికించేశానేమో అని ఆయనకే అనుమానం వచ్చింది, మొత్తం విప్పేశాడు. విప్పితే సరిగ్గానే ఉంది.

"ఆడలేనమ్మ మద్దెల ఓడందిట. అలా ఉంది మీ వరస," అంది అక్క అటు వెళ్తూ. ఆవిడ ఊరికే అంది. ఆయన కూడా నవ్వేశాడు.

ఆ వారమే కార్ఖానాకి నాలుగు మోటార్లు తిరిగొచ్చాయి. నాలుగిటి మీదా బావ టిక్కులే. ఫోర్‌మన్ మర్యాదగానే చెప్పాడట: "చెవిగారూ, ఇంకోసారి వస్తే పైవాళ్లు మీ బల్ల తీసేసి మిషన్ పెడతారు. నా చేతిలో ఏం లేదు."

"నాకు అర్థం కావట్లేదురా," అన్నాడు బావ, ఐదో జత తీగ కోస్తూ. "ఈ మధ్య మోటార్లన్నీ పట్టులా తిరుగుతున్నాయి. గరగరన్నదే లేదు. అవి వెనక్కెలా వస్తాయి?" తర్వాత నా వైపు చూడకుండా అన్నాడు. "ఈ జతకి కూడా ఎడమ బాగుపడకపోతే, వెళ్లి చెవి చూపించుకుంటాను."

ఇక్కడ నా వృత్తి గురించి ఒక ముక్క చెప్పాలి. ఒక భుజం దిగిపోయినవాడు కోటు కుట్టించుకోవడానికి వస్తాడు. వాడికి ఆ సంగతి తెలియదు. మేం చెప్పం. ఆ వైపు కాస్త దూది ఎక్కువ పెట్టి నోరు మూసుకుంటాం. అద్దంలో చూసుకుని, మీ చేతిలో ఏదో ఉందండీ అని మెచ్చుకుని వెళ్తాడు. మా నాన్న నేర్పిన పద్ధతి అది. ఇన్నేళ్లలో అది తప్పని నాకెప్పుడూ తోచలేదు.

ఐదో జత తగిలించే ముందు బావ చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు. ఆంప్లిఫయర్ మీద ఎడమకీ కుడికీ మధ్య చప్పుడు సర్దే గుండీ ఒకటి ఉంది. దాన్ని ఎడమకి కొంచెం, గోరంతే, తిప్పాను. ఆయన మొహం చూడలేకపోయాను, అంతకంటే వేరే కారణం లేదు.

బావ వచ్చి కూర్చున్నాడు. పాట మొదలైంది. కళ్లు మూసుకుని చాలాసేపు విన్నాడు.

"వచ్చింది," అన్నాడు. "ఎడమ వచ్చేసింది. తీగేరా. తీగలోనే ఉంది తప్పంతా." నాకు భలే సంతోషం వేసింది, సిగ్గులేకుండా చెబుతున్నాను. చెవి డాక్టరు మాట మళ్లీ ఎత్తలేదు.

మూడు వారాల తర్వాత పదకొండు మోటార్లు తిరిగొచ్చాయి.

ఆ సాయంత్రం నేను వెళ్లేసరికి బావ సెట్టు ముందు నిలబడి ఉన్నాడు. "ఈ గుండీ నడిమధ్యలో ఉండాలి. ఎవరు తిప్పారు?"

నేను వంగి కింద తీగలు సర్దసాగాను. ఆయన గుండీని మధ్యకి తెచ్చాడు. ఎడమ మసకబారిందన్నాడు. ఎడమ తీగ తీసి కుడికి, కుడిది ఎడమకి మార్చాడు. మసక ఎడమనే ఉండిపోయింది. స్పీకర్లు అటుదిటు చేశాడు. అయినా ఎడమే. కుడితిలో పడ్డ ఎలుకలా కాసేపు గదంతా తిరిగాడు. చివరికి కుర్చీ వెనక్కి తిప్పి, స్పీకర్లకి వీపు పెట్టి కూర్చున్నాడు.

"ఇప్పుడు రెండో స్పీకరు మసగ్గా ఉంది," అన్నాడు మెల్లగా.

స్పీకర్లు కదల్లేదు, తీగలు కదల్లేదు. తిరిగింది ఆయన. కొలత గుడ్డది కాదు, మనిషిదని దర్జీకి ఒకరు చెప్పక్కర్లేదు. "గుండీ తిప్పింది నేనే బావా," అన్నాను.

వంటింటి గుమ్మంలో అక్క నిలబడి ఉంది. "ఎడమవైపు నుంచి పిలిస్తే మీరు పలకరు," అంది. "నా మీద కోపమేమో అనుకున్నాను. అందుకే నా కుర్చీ కుడివైపుకి మార్చుకున్నాను. ఏడాదైంది."

బావ మా ఇద్దరినీ ఎవరో కొత్తవాళ్లని చూసినట్టు చూశాడు. "మీరు సర్దుతూ పోయారు," అన్నాడు. "నేను టిక్కులు పెడుతూ పోయాను."

మర్నాడు ఆయనే వెళ్లి ఫోర్‌మన్‌కి ఉన్నదున్నట్టు చెప్పాడట. బల్ల సంగతి పైవాళ్లు తేల్చాలి, ఇంకా తేల్చలేదు. ఈలోగా గోదాములో తన టిక్కు ఉన్న మోటార్లన్నీ మళ్లీ వింటానని అడిగాడు. ఒప్పుకున్నారు.

మధ్యాహ్నం అక్క ఇచ్చిన క్యారేజీ పట్టుకుని నేనే వెళ్లాను. వరసల మధ్య బావ పీట మీద కూర్చుని ఉన్నాడు. స్క్రూడ్రైవర్ కుడి చెవికి చేరింది, సుద్దముక్క ఎడమచేతికి. పాత టిక్కులు ఒక్కొక్కటీ గుడ్డతో తుడిచి, విని, కొత్త గుర్తు పెడుతున్నాడు. అలవాటులేని చెయ్యి కదా, గీతలు వంకరటింకరగా ఉన్నాయి. వాటిలో అడ్డగీతలే ఎక్కువ.

వినపడే వైపు కదా అని నేను ఆయన కుడివైపుకి వెళ్లాను.

"అటు కాదు. ఎడమకి రా," అన్నాడు, తల తిప్పకుండా. "అక్కడ నిలబడి మాట్లాడు. వినపడకపోతే వినపడలేదని చెప్తాను."

ఎడమకి వెళ్లి నిలబడ్డాను. "తప్పయిపోయింది బావా," అన్నాను.

"వినపడలేదు."

మళ్లీ చెప్పాను. ఈసారి గోదాములో అందరూ మా వైపు తిరిగి చూశారు.