తికమకగాడి చోటు

మూడో తరగతికి లెక్కలు చెప్పడమంటే ఏమిటో ఆ గదిలో ఒక పూట నిలబడినవాళ్ళకే తెలుస్తుంది. ముందు వరుసలోని డాక్టరుగారి కవలలు, టీచరు బోర్డు మీద లెక్క పూర్తిగా రాయకముందే జవాబు అరిచేసి, ఆ తర్వాత ఏమీ తోచక ఒకరి జుట్టు ఒకరు పీక్కునేవారు. మధ్యవాళ్ళు వేళ్ళు మడిచి, విప్పి ఎలాగో గట్టెక్కేవారు. వెనక చాప మీద కూర్చునేవాళ్ళకి ఇరవై దాటితే అంతా అయోమయమే. వీళ్ళందరినీ ఒకే గంటలో, ఒకే బండికి కట్టి లాగాలి. లెక్కల టీచరుకి తల ప్రాణం తోకకొచ్చేది.

ఆవిడకి కోపం ముక్కు మీదే ఉండేది గానీ, దాన్ని పిల్లల మీద చూపించడం చేతకాదు. అందుకని ఉపాయాల వెంట పడింది. వెనకవాళ్ళకి గుండీలతో, మధ్యవాళ్ళకి పలక మీద ఒకే లెక్క ఇచ్చేది. కవలలకి మాత్రం జవాబు చెప్పి, దానికి సరిపడే లెక్కని వాళ్ళనే తయారు చెయ్యమనేది. దాంతో కవలల అల్లరి సద్దుమణిగింది. చాప మీదవాళ్ళు మాత్రం ఉలకలేదు, పలకలేదు. ఎప్పుడూ ఒకరిచేత చెప్పించుకోవడమే గానీ, తాము ఒకరికి చెప్పే రాత లేదని వాళ్ళ దిగులు.

అప్పుడు పుట్టాడు తికమకగాడు. చాప చివర ఖాళీ చోట ఒక పలక పెట్టి, ఇక్కడ మీకంటే వెనకబడ్డవాడు ఒకడున్నాడు, వాడికి మీరే నేర్పాలి అని టీచరు ప్రకటించింది. రోజూ పిల్లలు రాకముందే ఆ పలక మీద ఒక తప్పు లెక్క రాసి పెట్టేది. నలభై రెండులోంచి పదిహేడు తీసేస్తే ముప్పై అయిదట. రెండులోంచి ఏడు పోదని, ఆ వెర్రివాడు ఏడులోంచే రెండు తీసేశాడన్నమాట. ఇక చూడాలి వెనకవాళ్ళ హడావిడి. వాడికి నేర్పాలంటే ముందు తాము నేర్చుకోక తప్పదు గదా.

ఇన్ని తప్పులు నీకెలా తడతాయని తోటి టీచర్లు అడిగితే నవ్వి ఊరుకునేది. అవన్నీ చిన్నప్పుడు ఆవిడ చేసినవే. ఆ తప్పులకే ఆవిడని కింది తరగతికి దించేశారు. ఆ సంగతి కట్టుకున్నవాడికి కూడా చెప్పలేదు.

తికమకగాడి పక్కనే కూర్చునేది గువ్వ. కుట్టుపని చేసుకునే ఆమె కూతురు, నోట్లో నాలుక లేని పిల్ల. నెలాఖరు పరీక్షలో గట్టెక్కకపోతే దాన్ని రెండో తరగతికి దించేస్తానని హెడ్‌మిస్ట్రెస్ ఖరాఖండిగా చెప్పేసింది. లెక్కల టీచరు గుండెల్లో రాయి పడింది. దించడమంటే ఏమిటో ఆవిడకి తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? అయినా గువ్వ ఆ ఖాళీ చోటు వైపు వంగి గుసగుసగా నేర్పుతూ, తానూ నేర్చుకుంటోంది. అది చూసి టీచరు కాస్త ఊపిరి పీల్చుకుంది.

ఒకరోజు బస్సు ఆగిపోయి టీచరు ఆలస్యంగా వచ్చింది. తప్పు లెక్క రాసే వ్యవధే లేదు. తీరా చూస్తే పలక మీద లెక్క ఉంది. యాభైలోంచి ఇరవై మూడు పోతే ముప్పై మూడని, మూళ్ళన్నీ తిరగబడి ఉన్నాయి. ఇదెవరి పనని కవలలని నిలదీసింది. తప్పు లెక్క రాయమంటే వాళ్ళకి ఎక్కడలేని అవమానం, తమ పని కాదని మొహాలు మాడ్చుకున్నారు. అబద్ధమనిపించలేదు. అదే రోజు గుండీలు అందరికీ సమంగా పంచమంటే పిల్లలు ఒక కుప్ప ఎక్కువ పెట్టారు. ఎవరికని అడిగితే, గదంతా ఒక్కసారిగా చాప చివరికేసి చూసింది. ఎవరూ నవ్వలేదు.

పరీక్షకి ముందురోజు అందరికీ ఓ నమూనా పరీక్ష పెట్టింది. నిన్నటిదాకా తడుముకోకుండా చెప్పిన గువ్వ అన్నీ తప్పులే రాసిచ్చింది. నలభై రెండులోంచి పదిహేడు పోతే ముప్పై అయిదు! టీచరుకి ఒళ్ళు మండిపోయింది. పిల్లలందరినీ బయటికి పంపి దాని ఎదుట కూలబడింది.

"అన్నీ తెలిసి కూడా ఎందుకిలా రాశావే?"

గువ్వ గౌను అంచు నలిపింది.

"నేను పాసైతే మధ్య వరసలోకి పంపేస్తారు కదా టీచర్. అప్పుడది ఒక్కతే అయిపోతుంది."

"ఏది? తికమకగాడేగా?"

"వాడు కాదు టీచర్, ఆడపిల్ల. ఎడం చేత్తో రాస్తుంది. మీరొస్తే ఆ చెయ్యి వెనక్కి దాచేసుకుంటుంది."

చిన్నప్పుడు కర్ర స్కేలుతో కొట్టి కొట్టి టీచరుచేత ఎడం చేతి రాత మాన్పించినవాళ్ళెవరూ ఇప్పుడు బతికి లేరు. గువ్వకి ఆ సంగతి చెప్పడానికి ఎవరూ లేరు.

"రేపు నువ్వు బాగా రాయి తల్లీ. దాని సంగతి నేను చూసుకుంటాను."

"ఒట్టా?"

"ఒట్టు."

గువ్వ పరీక్ష గట్టెక్కింది. మధ్య వరుసలో కూర్చుని, ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. ఒట్టు వేయించుకుంది గదా, ఇంకెందుకు చూస్తుంది!

ఆ సాయంత్రం బడి వదిలాక టీచరు చాప చివర కూర్చుంది. సుద్దముక్క కుడి చేత్తో అందుకుని, మళ్ళీ ఎడం చేతిలోకి మార్చుకుంది. పలక మీద వంకరటింకరగా నలభై రెండు, దాని కింద పదిహేడు రాసి, సుద్దముక్క పలక మీదే వదిలేసింది.

"రెండులోంచి ఏడు పోదు కదమ్మా, పక్కనున్న నాలుగుని అడుగు. తొందరేం లేదు. నిన్నెవరూ కిందికి పంపరు," అంది.

రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, కిటికీ వైపు తిరిగి ఎదురుచూసింది. కాసేపటికి పలక మీద సుద్ద గీసుకుంటున్న చప్పుడు మొదలైంది. తల తిప్పితే ఆ పిల్ల చెయ్యి దాచేసుకుంటుందని, ఆవిడ కిటికీ వైపే చూస్తూ ఉండిపోయింది.