గొర్రెలు విన్న ఈల

ఈ ఏడాది మొదట్లో హోసూరు ఆసుపత్రిలో డాక్టరమ్మ మా చెల్లెలి స్కాను చూపిస్తూ, లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకున్న దారి ఎముకతో పూడిపోయిందనీ, ఆపరేషన్ చేసినా వినికిడి మిషన్ తీగ సగమే దూరుతుందనీ చెప్పి, చిన్నప్పుడు మెదడు జ్వరం వచ్చాక చెవుడని ఎన్నాళ్లకు కనిపెట్టారని అడిగింది. రెండేళ్లకని చెప్పాను.

మాది డెంకణికోట దగ్గర గొర్రెలు కాసుకునే కుటుంబం. కృష్ణగిరి పెద్దాసుపత్రిలో జ్వరం తగ్గి, బస్సులో నా ఒళ్లో పడుకుని ఇల్లు చేరేనాటికి చెల్లెలికి తొమ్మిదేళ్లు, నాకు పదమూడు. మళ్లీ ఇద్దరమూ మంద వెంట పోయాము. వెనక గట్టు మీద నిలబడి నేను ఈల వేస్తే గొర్రెలన్నీ తల తిప్పేవి, వాటి పక్కనున్న చెల్లెలూ తిరిగేది. అంత దూరం ఈల వినబడే పిల్ల ఇంట్లో పిలిస్తే పలకదేమని, గారాబం ఎక్కువై పొగరెక్కిందనుకున్నాం. నేనైతే రెండుమూడు సార్లు చెయ్యి కూడా చేసుకున్నాను.

చేలల్లో ఎరువు కోసం మంద కట్టించుకోవడం మా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది. అలా ఒకరి రాగి చేనికి నాన్న గొర్రెలను తోలుకుపోయిన సాయంత్రం, వాకిట్లో కూర్చున్న చెల్లెలి వెనక నిలబడి ఆటకు ఈల వేశాను. తిరగలేదు. మళ్లీ వేశాను. అమ్మ చేతిలోని చేట కింద పెట్టింది.

"ఇన్నాళ్లూ గొర్రెలు విని దీనికి చెప్పినాయిరా" అనింది.

జ్వరం తగ్గి అప్పటికి రెండేళ్లు. తరువాత తరువాత చెల్లెలు మాట తగ్గించేసింది.

ఆ కాలంలో ఈ మిషన్ ఇక్కడ లేదని, మీ తప్పేమీ కాదని డాక్టరమ్మ మంచిగానే చెప్పింది. విన్నాను గానీ నాకేమీ అనిపించలేదు, ఆపరేషన్ కాగితాల మీద సంతకం ఎక్కడ పెట్టాలో అడిగి పెట్టాను.

ఇప్పుడు మిషన్‌లో ఆమెకు టక్ టక్‌మని ఏదో వినబడుతుందట, మాటలు మాత్రం విడిపడవట. గొర్రెలు అమ్మేసి చాలా ఏళ్లయింది, మేం మేపిన బయళ్లలో సగం కంపెనీ షెడ్లు. మొన్న వాకిట్లో ఆమె వెనక నిలబడి, ఎన్నో ఏళ్ల తరువాత ఈల వేశాను. ఉలిక్కిపడి తలెత్తింది. ఏ పక్క నుంచో తెలియక, ఒకప్పుడు మంద ఉండే బయలు వైపు చూసింది. చెప్పడానికి అక్కడ గొర్రెలు లేవు.